వరండాలో ప్లగ్గు

ఆ వేసవిలో మా ఇంట్లో డ్రైవరు మారాడు.

అప్పటిదాకా మా ఇంటికి ఒక్కడే డ్రైవరు, మా ఆయన. ఫ్యాక్టరీ బస్సు తోలేవాడు. పొద్దున డ్యూటీకి వెళ్తూ దారిలో తన మోటారుసైకిలు మీద నన్ను ఆసుపత్రి గేటు దగ్గర దింపేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు రోడ్డంటే ఆయన వీపే. ఎడమ పక్కన ఏయే కొట్లున్నాయో వరసగా చెప్పగలను కానీ ఎదురుగా ఏముంటుందో చూసి ఎరగను.

ఎండలు ముదరకముందే కంపెనీవాళ్ళు డ్రైవర్లందరికీ కంటి పరీక్ష చేయించారు. గోడ మీద అక్షరాలన్నీ ఆయన గడగడా చదివేశాడట. పక్క నుంచి వచ్చే వెలుగు చుక్కలు మాత్రం ఒక్కటీ కనపడలేదు. "చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది, పోయింది మాత్రం రాదు. ఇక మీరు బండి ముట్టుకోకూడదు" అన్నాడు కంటి డాక్టరు. బస్సే కాదు, మోటారుసైకిలు కూడా. ఆయన ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మోటారుసైకిలు కడిగి, ఆరబెట్టి, పాత దుప్పటి కప్పాడు. ఆ రోజు నుంచీ అదే పని. తెల్లారగట్లే లేచి దుప్పటి తీయడం, తుడవడం, మళ్ళీ కప్పడం. ఉద్యోగం పోయినా ఆ చీకటితో లేచే అలవాటు పోలేదు.

సరిగ్గా అప్పుడే నా పనిలో ఒక అవకాశం వచ్చింది. ఆపరేషన్లకి కావలసిన కత్తులూ కత్తెర్లూ పట్టకార్లూ కడిగి, గుడ్డలో మూటకట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేసే గది మాది. ప్రతి మూట మీదా ఒక పట్టీ అంటిస్తాం. పెట్టేటప్పుడు దాని మీద గీతలు పాలిపోయి ఉంటాయి, ఆవిరి సరిగ్గా తగిలితే నల్లబడతాయి. యంత్రం లోపల ఏం జరిగిందో ఎవరమూ చూడలేం. బయటికొచ్చాక గీతలు చూసి తెలుసుకోవాల్సిందే. ఆ గదికి ఇన్‌చార్జి పెద్దక్క. నాకు పని నేర్పింది, తప్పు చేస్తే చేతి మీద కొట్టింది, ఆకలేస్తే తన క్యారేజీ విప్పి పెట్టింది ఆవిడే. ఆ వేసవి చివర్లో ఆవిడ రిటైరవుతోంది.

"నా కుర్చీ నీకిద్దామని ఉందే" అంది ఒకరోజు కత్తెర్లు తుడుస్తూ. "మేట్రన్‌కి కూడా చెప్పా. ఒక్కటే అడిగింది. పొద్దున ఆరింటికల్లా గది తెరిచి మొదటి ఆపరేషన్‌కి మూటలు అందించాలి. ఈ వేసవంతా తాళంచెవి నీ దగ్గర ఉంచి చూద్దామంది. నువ్వు కాదంటే చిలక ఉంది."

చిలక అంటే మా గదిలో చిన్న పిల్ల. నోరు మూతపడదని ఆ పేరు పెట్టాం. పనికి కూడా చురుకే, మంచి పిల్ల.

"కాదనను అక్కా" అన్నాను. అప్పటికి ఇరవయ్యేళ్ళుగా ఆ కత్తెర్లు లెక్కపెడుతున్నదాన్ని, ఎందుకు కాదంటాను? మా ఇంటి వైపు నుంచి అంత పొద్దున్నే బస్సు లేదన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

అలా కరెంటు బండి కొన్నాను. వాయిదాల మీద, నా జీతం మీద, నా పేరు మీద.

దాన్ని కొట్టువాడు వాకిట్లో దించి వెళ్ళగానే అత్తయ్య చుట్టూ తిరిగి చూసి, "పొగగొట్టం ఏదే?" అని అడిగింది.

"దీనికి ఉండదత్తయ్యా. పెట్రోలు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు."

"చప్పుడు లేకపోతే బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?"

ఆవిడన్నది నిజమేనని ఆ సాయంత్రమే తెలిసింది. నేర్పడానికి మా ఆయన సిద్ధమయ్యాడు. పరీక్ష పోయాక మొదటిసారి గడ్డం గీసుకుని, బస్సు తోలేటప్పటి చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. నన్ను ఎక్కి కూర్చుని, తాళం తిప్పి స్టాండు తీయమన్నాడు. చప్పుడు రాకపోయేసరికి బండి ఇంకా స్టార్టు కాలేదనుకుని, నేను దిగి, పక్కన నిలబడి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. పట్టుకోవడంలో కుడిచేయి తిరిగింది. బండి నన్ను ఈడ్చుకుంటూ పోయి గేటుని గుద్దింది. మోచేయి గీరుకుపోయింది.

ఆయన ముందు పరిగెత్తుకొచ్చాడు. దెబ్బ పెద్దది కాదని చూశాక నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అన్ని రోజుల తర్వాత ఆ నవ్వు విని వంటింట్లోంచి అత్తయ్య కూడా బయటికొచ్చింది. మోచేయి మండుతున్నా నాకూ నవ్వొచ్చింది. ఇంకోసారి గుద్దినా పరవాలేదనిపించింది, నిజంగా.

"డ్రైవింగంటే పట్టకారుతో పట్టుకోవడం కాదే" అన్నాడు ఆయన నా మోచేతికి మందు రాస్తూ. "చేతిలో పిట్ట ఉన్నట్టు పట్టుకోవాలి. నేర్పుతాగా. నేనున్నాగా."

నేర్పాడు. అబద్ధం చెప్పకూడదు, బాగానే నేర్పాడు. వారం తిరిగేసరికి మలుపులు వచ్చాయి, బ్రేకులు వచ్చాయి. ఇక ఒక్కదాన్నే వెళ్ళగలనని ఆయనే అన్నాడు. అన్నరోజు రాత్రి మాత్రం సరిగ్గా భోంచేయలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదట్లో నేను టైముకంటే ముందే బయల్దేరేదాన్ని. ఊరు ఇంకా నిద్రలేచేది కాదు. నా బండి చప్పుడు చేయదు కాబట్టి రోడ్డు మధ్యలో పడుకున్న కుక్కలు కూడా లేచేవి కావు. హారన్ మీటకి వేలు అందక, "జరగండర్రా, జరగండి" అని నోటితోనే అరుచుకుంటూ పోయేదాన్ని. పాలప్యాకెట్లు వేసేవాడు నన్ను చూస్తే చాలు, సైకిలు పక్కకి లాగి, "హారన్ వస్తోంది" అనేవాడు. ఆసుపత్రి దగ్గర వంతెన ఎక్కుతుంటే ఎదురుగా తెల్లబడుతున్న ఆకాశం మొత్తం కనపడేది. ఇన్నేళ్ళూ ఇది నా ముందే ఉందా అనుకున్నాను. నాకెంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. గది తాళం తీస్తుంటే ఆ కుర్చీ అప్పుడే నాదైపోయినట్టు ఉండేది.

తర్వాత బండి మొరాయించడం మొదలుపెట్టింది.

రోజూ సాయంత్రం వరండాలో బండి ఆపి ఛార్జర్ తగిలించేదాన్ని. వేసవి కదా, అత్తయ్య వరండాలోనే మంచం వేసుకుని పడుకునేది. అక్కడి ప్లగ్గు ఎప్పుడో కాలిపోయింది. అందుకని ముందు గదిలోంచి కిటికీ గుండా ఒక వైరు లాగి, దాని చివర పెట్టెకి అత్తయ్య టేబుల్ ఫ్యానూ, నా బండి ఛార్జరూ రెండూ పెట్టుకున్నాం. పొద్దున చూస్తే ఛార్జర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉండేది. నిండితే పచ్చలైటు రావాలి. బండి మీటర్లో ఆరు గీతలుండాల్సిన చోట మూడే ఉండేవి, ఒక్కోరోజు రెండు. మర్నాడు మళ్ళీ నిండుగా ఉండేది. దాని మనసులో ఏముందో అర్థమయ్యేది కాదు.

పొద్దున ఎలాగోలా చేర్చేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మా వీధి దూరం నుంచి కనపడుతుండగా ఆగిపోయేది. అది తోయడమంటే గేదెని తోయడమే. చెమటలు కారుతూ తోసుకొస్తుంటే వీధి మలుపులో మా ఆయన నిలబడి ఉండేవాడు. ఎదురొచ్చి, "వదులు, నేను తోస్తా" అని హ్యాండిల్ అందుకునేవాడు. నా సంచీ కూడా తనే భుజాన వేసుకునేవాడు.

"ఎక్కడ ఆగింది? ఎత్తులో రేజ్ ఇచ్చావా? చెప్పానా లేదా, నీ చెయ్యి బరువు. కరెంటంతా నువ్వే తాగిస్తున్నావు దానికి."

"మెల్లగానే వచ్చానండీ."

"నీకు మెల్లగా అనిపిస్తుంది. పోనీలే, కంగారుపడకు. ఒక్కరోజులో ఎవరికి వచ్చింది? మొదట్లో నేను బస్సుని కాలవలో దింపా, తెలుసా?"

కాలవలో దింపిన కథ చెప్పేవాడు. ఇంటికెళ్ళేదాకా చెప్పేవాడు. ఆ రోజుల్లో ఆయన నవ్వుతూ కూర్చుని భోంచేసేవాడు, నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. నేను కాళ్ళు చాపుకుని కూర్చుని, బండి పాడైతే పాడైంది, మనిషి బాగుపడుతున్నాడు కదా అనుకునేదాన్ని. ఆ వేసవిలో మా ఆయన నాతో మంచిగా మాట్లాడిన సాయంత్రాలన్నీ నా బండి ఆగిపోయిన సాయంత్రాలే.

బండి కొట్టుకి తీసుకెళ్ళాను. మెకానిక్ ఏవో వైర్లు పెట్టి చూశాడు.

"బ్యాటరీ బంగారంలా ఉందమ్మా. రాత్రంతా పెడుతున్నారా?"

"పెడుతున్నా."

"మరి మీ ఇంట్లో రాత్రిళ్ళు కరెంటు పోతోందేమో."

"పోతే నా గదిలో ఫ్యాను ఆగదా? తెల్లార్లూ తిరుగుతూనే ఉంటుంది."

మెకానిక్ తల గోక్కున్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "వాడి సరుకు వంకరని వాడే చెబుతాడా? కరెంటు బళ్ళంతే. బొమ్మ బళ్ళు" అన్నాడు.

"పోనీ ఆసుపత్రిలో ఛార్జింగ్ పెట్టుకుంటే?"

"ఆసుపత్రి కరెంటు ఇంటి బండికి వాడుకుందని మాట పడతావు. ఇన్‌చార్జి కావాల్సినదానివి, ఇప్పుడు అలాంటివి పెట్టుకోకు."

నిజమే కదా అనుకున్నాను. నా మేలు కోరే మనిషి ఇంకెలా మాట్లాడతాడు?

అలా రెండుసార్లు పనికి ఆలస్యమైంది. చిలక నాకోసం గేటు దగ్గర నిలబడి చేతులూపుతూ, "అక్కా, రా రా, ఇంకా ఎవరూ చూడలేదు" అని లాక్కుపోయింది. మూడోసారి వంతెన ఎక్కుతుండగా బండి సగంలో చచ్చింది. కిందటి సాయంత్రం నా చేత్తో నేను పెట్టిన ఛార్జింగే. అయినా పొద్దున రెండు గీతలే ఉన్నాయి. మెల్లగా పోతే చేరుస్తుందిలే అని బయల్దేరాను. ఎంత మెల్లగా అంటే, పాలప్యాకెట్లవాడు సైకిలు మీద నన్ను దాటి వెళ్ళాడు. ఆ ఎత్తులో తోయడం నా వల్ల కాలేదు. వంతెన మీదే పక్కకి ఆపి, తాళం వేసి, పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి మా గది ముందు అందరూ ఉన్నారు. తుంటి ఎముక విరిగిన ఒక ముసలాయన్ని అప్పటికే చక్రాల మంచం మీద తీసుకొచ్చి వరండాలో ఉంచారు. నొప్పికి మూలుగుతున్నాడు. ఆయన కూతురు కాబోలు, చెయ్యి పట్టుకుని నిలబడింది. చిలక తలుపుకి ఆనుకుని ఏడుపు మొహంతో ఉంది. తాళంచెవి నా సంచిలో ఉంది.

సర్జన్ నన్ను ఎగాదిగా చూశాడు. "తాళం ఇంటికి తీసుకెళ్తారు కదా, రేపట్నుంచి ఆపరేషన్లు కూడా మీ ఇంట్లోనే చేద్దాం" అన్నాడు.

కంగారులో తాళంచెవి రెండుసార్లు జారింది. మూడోసారి చిలక తీసింది.

మధ్యాహ్నం పెద్దక్క నన్ను బట్టలు మడతపెట్టే బల్ల దగ్గరికి పిలిచింది. ఆవిడ మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"మేట్రన్ చిలక పేరు రాసేసిందే. నేను చెప్పి చూశా."

"బండి అక్కా. బండి మోసం చేసింది."

"తెలుసు. నీ పనికి వంక పెట్టే మొనగాడు ఈ ఆసుపత్రిలో లేడు. నీ రాకకే వచ్చింది తంటా. ఆ ముసలాయన మూలుగులు నువ్వూ విన్నావుగా. నీ బండి సంగతి ఆయనకెందుకు?"

తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని వెంటనే తీసుకోలేదు. కాసేపు ఇద్దరం గుడ్డలు మడతపెట్టాం.

ఆ సాయంత్రం వంతెన దగ్గర్నుంచీ బండి తోసుకుంటూ వచ్చాను, అప్పుడు కూడా మా ఆయన మలుపులో ఉన్నాడు. సంగతి చెప్పాను. బండి తోస్తూ, "పోతే పోయిందిలే" అన్నాడు. "ఆ చాకిరీ నీకెందుకు? చీకటితో లేవడం, కంగారుగా పరిగెత్తడం. ఉన్నదాంట్లో సర్దుకుందాం. నేనున్నాగా." అని, నడిరోడ్డు మీద నా భుజం మీద చెయ్యి వేశాడు. పెళ్ళయ్యాక వీధిలో ఆయన అలా చేయడం అదే మొదలు. నేను ఆ చేతి కింద వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాతి సెలవురోజు మధ్యాహ్నం అత్తయ్య పౌడరు డబ్బా పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"వీపు మీద కాస్త చల్లవే. ఒకటే దురద."

రవిక వెనక్కి జార్చి చూశాను. మెడ దగ్గర్నుంచి నడుం దాకా చెమటకాయలు. ఎర్రగా కాచి, గోకి గోకి కొన్నిచోట్ల పుండ్లయ్యాయి. ఒక రాత్రిలో వచ్చినవి కావు, పాతవి మాని వాటిమీద కొత్తవి లేచాయి.

"రాత్రిపూట ఫ్యాను వేసుకోవట్లేదా అత్తయ్యా?"

"వేసుకుంటాగా."

"మరి ఇవేంటి ఇలా?"

"ముసలి ఒళ్ళు. దానికో కారణం ఉంటుందా?"

ఫ్యాను గాలి తగిలే వీపు కాదది. నా వృత్తే అది, బయటికి తేలిన గుర్తు చూసి లోపల ఏం జరిగిందో చెప్పడం. వరండాలోకి చూశాను. ఫ్యాను వైరూ నా ఛార్జరు వైరూ ఒకే పెట్టెలోకి పోతున్నాయి. ఆ పెట్టె వైరు కిటికీలోంచి ముందు గదిలోకి పోతోంది. దాని స్విచ్చి మా ఆయన మంచం తలవైపు ఉంది.

పౌడరు డబ్బా మూత పెట్టేశాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

అత్తయ్య అటువైపు తిరిగే ఉంది. "రోజూ ఆపడులే" అంది చివరికి. "తెల్లారగట్ల లేచి మళ్ళీ వేసేస్తాడు."

"మీరు ఉక్కలో పడి ఉడికిపోతూ కూడా నాకొక్క మాట చెప్పలేదా?"

"ఏం చెప్పనే? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది." అప్పుడు తిరిగి నా మొహం చూసింది. "నువ్వు బండి తోసుకుంటూ వచ్చిన రోజు వాడు కడుపునిండా తింటాడు. మామూలుగా వచ్చిన రోజు కంచంలో చెయ్యి కడిగేసుకుంటాడు. నువ్వు చూళ్ళేదా?"

చూశాను. చూసి, ఇంకోటనుకున్నాను. నా తోడు దొరికినందుకు తింటున్నాడనుకున్నాను.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలవడానికి పరిగెడుతుంటే ఇంట్లో నా కాళ్ళ కింద నేల తవ్వుతున్నారు, ఒకరు తవ్వుతూ, ఒకరు చూస్తూ. వెళ్ళి నిలదీద్దామని లేచాను కూడా. వాకిట్లో ఆయన మోటారుసైకిలు తుడుస్తున్నాడు. పక్కనే పెట్టుకున్న నూనెడబ్బా ఆయనకి కనపడక, చేత్తో నేలంతా తడుముతున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఏమని అడగను? అడిగితే ఆయన ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక మేమిద్దరం ఆ ఇంట్లో ఎలా ఉండాలి?

వెనక్కి వచ్చి అత్తయ్య వీపంతా పౌడరు చల్లాను. ఆవిడ తప్పు చేసిన పిల్లలా కదలకుండా కూర్చుంది.

మర్నాడు పొద్దున ఛార్జర్ పీకి, వైరు చుట్టి, నా సంచిలో క్యారేజీ పక్కన పెట్టుకున్నాను. ఆయన అప్పటికే లేచి వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"అదెక్కడికి?"

"ఆసుపత్రికి. ఇకనుంచి అక్కడే పెట్టుకుంటాను."

"మాట పడతావేమో."

"పడాల్సినవన్నీ పడ్డానుగా."

నన్ను చూడబోయాడు. నేను పక్కన, ఆయన చూపు అందని చోట నిలబడ్డాను కాబట్టి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది. తిప్పి, చూసి, మళ్ళీ తల దించుకున్నాడు.

పెద్దక్క అప్పటికే రిటైరైంది, ఆసుపత్రిలో అనుమతి అడగాల్సింది చిలకనే. కొత్త కుర్చీ అంచున బెరుగ్గా కూర్చుని ఉంది పాపం.

"దీనికి అడగాలా అక్కా? మన గది వెనకాల ప్లగ్గు ఊరికే ఉంది. ముందే అడిగుంటే పెద్దక్కే ఇచ్చేది కదా!" అని, ఊరుకోదుగా, "ఇంట్లో ప్లగ్గు లేదా?" అంది.

"ఉంది. మా అత్తయ్య ఫ్యానుకి కావాలి."

ఆ రోజు నుంచి నా బండి ఎక్కడా ఆగలేదు. అత్తయ్య ఫ్యానూ ఆగలేదు. ఆవిడ వీపు పది రోజుల్లో మానింది. మా ఆయన వీధి మలుపులో నిలబడటం మానేశాడు.

వానలు మొదలయ్యాక ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆటో ఎక్కుతానన్నాడు. "బండి ఉండగా ఆటో ఎందుకు?" అన్నాను. మాట పెడసరంగానే వచ్చింది, రావాలనే అన్నాను. ఆయన నా వెనక ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక కాసేపు తడబడి, నా భుజం మీద చెయ్యి వేశాడు. వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కింది. వంతెన ఎక్కుతుంటే మళ్ళీ తొక్కింది.

"మెల్లగా" అన్నాడు. "ఎత్తులో కరెంటు తాగుతుంది." కాసేపాగి, "ఇంటికి తిరిగొచ్చేదాకా సరిపోతుందా ఛార్జింగు?" అని అడిగాడు.

"సరిపోతుందండీ. ఇప్పుడు బాగా ఎక్కుతోంది."

చప్పుడు చేయని బండి. నా మాట ఆయనకి వినపడటానికి అడ్డమేమీ లేదు. భుజం మీద చెయ్యి నెమ్మదిగా లేచింది. వెనక ఉన్న ఇనుపకమ్మీని పట్టుకున్న చప్పుడు వినపడింది. ఆయనకి ఎడమపక్క ఏ కొట్లున్నాయో కనపడవు, ఎదురుగా ఉన్నది నా వీపే. నాకు జాలేసింది. వెనక్కి చెయ్యి చాపి ఆ చేతిని తెచ్చి మళ్ళీ నా భుజం మీద వేసుకోవచ్చు. వేసుకోలేదు. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, ఆయన నేర్పినట్టే, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకుని, వంతెన దిగాను.